కోయని మూడు ఫారాలు

ఇది ఒక మహా ఇతిహాసం. ఇందులో సముద్రాలు దాటివచ్చిన నిధి ఉంది, దాన్ని వెతికి సాధించిన వీరుడున్నాడు, ప్రాణగండం ఉంది, ప్రతిజ్ఞ ఉంది. ఇంత చెప్పాక నిజం కూడా చెప్పాలి. నిధి అంటే పదకొండు పాత ఫ్రెంచి నవలలు. దొరికిన చోటు కర్నూలులో వేయించిన బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, అమ్మే బండి. వీరుణ్ణి నేనే. నాకు ఫ్రెంచి రాదు.

నేను అచ్చాపీసులో కంపోజిటరును. పొద్దస్తమానం సీసపు అక్షరాలు పేర్చడమే పని. ఒకనాడు బుడ్డలు తింటూ పొట్లం కాగితాన్ని తడిమితే వేలికి అచ్చు తగిలింది. అరిగిన అక్షరం కాగితం మీద పైపైన పాకుతుంది. కొత్త అక్షరం లోపలికి దిగుతుంది. ఇందులో దిగింది. ఇది మొదటి అచ్చు అని నా వేలు చెప్పింది. మిగతా బుడ్డలు జేబులో పోసుకుని బండి దగ్గరికి వెనక్కి పోయాను.

డోన్‌లో రైలు పని మీద ఉండిన దొర ఒకాయన స్వదేశం పోతూ వదిలేసిన పుస్తకాలట అవి. బండి సాయిబు వాటిని మహా మెచ్చుకున్నాడు.

"దేవుడిచ్చిన పొట్లాలప్పా ఇవి! సూడు, పైనా పక్కనా మూసే ఉండాది. అతికిచ్చే పనే ల్యా."

ఆ కాలం ఫ్రెంచి పుస్తకాలను మడతలు కోయకుండానే అమ్మేవారట. కొన్నవాడు కోసుకుని చదువుకోవాలి. దొర కొన్నాడు, కోయలేదు. చదువు విషయంలో దొరకూ నాకూ పెద్ద తేడా లేదన్నమాట.

మా ఆపీసు చిత్తుకాగితాలు ఎత్తుకెత్తు ఇచ్చి, మిగిలిన పదకొండు పుస్తకాలూ ఇంటికి తెచ్చుకున్నాను. మద్రాసులో పాతపుస్తకాలమ్మే ఒకాయనకు ఉత్తరం రాస్తే జవాబు వచ్చింది. అట్ట మీద ఎన్నో ముద్రణో వేయకపోతే అది మొదటిది కావచ్చు, అందులోనూ మడతలు కోయనిది మరీ అరుదు, కత్తిని దగ్గరికి రానీయవద్దు అని. పదింటికి అప్పటికే సాయిబు చేతిలో కొన్ని ఆకులు పోయాయి. ఒక్కటి మాత్రం, బూడిదరంగు అట్టది, చెక్కు చెదరలేదు. దాన్ని గూట్లో వేపాకు వేసి రెండేళ్ళు కాపాడాను.

నా భార్య నా మేనమామ కూతురు, కడప పిల్ల. ఏడో నెల వచ్చింది. కానుపుకు తీసుకుపోవడానికి వాళ్ళన్న వస్తానని కార్డు రాశాడు. మొదటి కానుపుకు అదే ఇంటికి వెళ్ళిన వాళ్ళక్క తిరిగి రాలేదు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరమూ ఎత్తేవాళ్ళం కాదు. ఒక మధ్యాహ్నం వేపాకు మారుస్తూ ఆమె ఆ పుస్తకం చేతికి తీసుకుంది.

"బావా, దీంట్లో ఏముండాది?"

"తెలీదు."

"తెలీకుండానే రెండేండ్లు దాసిపెడితివా?"

"తెలిసింటే దాసేవాణ్ణే కాదు."

"నేను పోయేలోపల ఎవురితోనన్నా సదివించు."

"పుస్తకం యాడికి పోతాది? కానుపై వచ్చినాంక సదివించుకుందువులే."

"పుస్తకం పోదులే. పోతాండేది నేను గదా. మా అక్కనూ ఇట్లే గాజులు తొడిగి పంపిరి."

మిగిలిన వేపాకు నేనే గూట్లో సర్ది, పుస్తకాన్ని బయటే ఉంచాను.

పత్తి మిల్లులో యానాం నుంచి వచ్చిన ఫిట్టరు ఒకాయన ఉండేవాడు. ఫ్రెంచివాళ్ళ బడిలో చదివినవాడు. మిల్లు రసీదు పుస్తకాల కోసం మా ఆపీసుకు వచ్చేవాడు. ఆదివారం ఆయన్ను ఇంటికి పిలిచాను. పుస్తకం అటూ ఇటూ తిప్పి, "కత్తి ఉందాండీ?" అన్నాడు.

"కొయ్యకుండా సదివేదానికి కాదా సామీ?"

ఒకే కాగితాన్ని మడిచి చేసే పదహారు పేజీల ఫారంలో కోయకుండా కనిపించేవి కొన్నే. మిగతావాటి కోసం ఆయన మడతను గొట్టంలా ఉబ్బించి, ఒక కన్ను మూసి, బావిలో పడ్డ చెంబును వెతికినట్టు చూశాడు. కనిపించినంతలో కథ ఇది: ఉప్పు మడుల్లో పనిచేసే ఒకమ్మాయి, సైన్యంలోకి పోయిన మొగుడు. ఆమె అతనికి ఉత్తరం రాయించింది. ఆ తరువాత కనిపించిన పేజీలో మేకను అమ్ముతోంది.

"ఉత్తరం సేరిందా?" అంది మా ఆవిడ.

"మడతలో ఉందమ్మా."

"మేకనెందుకమ్మింది?"

"అదీ మడతలోనేనమ్మా."

ఆమె నా వైపు చూసింది. కాగితాలు మడిచే ఎముక బద్ద ఒకటి ఆపీసు నుంచి తెచ్చి పెట్టుకున్నాను. వేల ఫారాలు కోసిన చెయ్యి నాది. మడత మీద పెట్టాక కదలలేదు.

"నీతో కాదులే. ఇట్లియ్యి," అని బద్ద లాక్కుని, చర్రున కోసేసింది. మద్రాసు ఆయన చూసి ఉంటే అక్కడికక్కడే కూలబడేవాడు. నేను ముందే కూర్చుని ఉన్నాను.

నాలుగు ఆదివారాలు అలా గడిచాయి. ఆమె కోసేది, ఆయన చదివి తెలుగులో చెప్పేవాడు, నేను బుడ్డలు వలిచేవాణ్ణి. కథలో ఉత్తరం ఒక దండు విడిది నుంచి ఇంకో విడిదికి తిరుగుతూనే ఉంది. మూడు ఫారాలు మిగిలి ఉండగా వాళ్ళన్న స్టేషను నుంచి బండి కట్టించుకుని వచ్చాడు.

"మిల్లుకు పోయి ఆయన్ను పిలుసుకొస్తా, ఈ పొద్దే ముగిద్దాం," అన్నాను.

"వద్దు," అని పుస్తకం మూసింది. "ఈ మూడూ ఎవురూ కొయ్యాకండి. నేనొచ్చి కోస్తా."

ఆ నెలంతా ఆమె నోట 'నేనొచ్చి' అన్న మాట అదే మొదలు. ఎముక బద్ద తన బట్టల మూటలో దోపుకుంది.

"అది ఆపీసుది," అన్నాను.

"తెచ్చిస్తాదని ఆపీసోల్లకు సెప్పు."

తరువాత రెండు నెలలకు యానాం ఆయన వచ్చాడు. మిల్లులో పని అయిపోయింది, ఎల్లుండి ప్రయాణం.

"ఆ మూడూ పూర్తి చేసేద్దామండీ. నేను వెళ్ళాక ఈ ఊళ్ళో మీకు ఎవరు దొరుకుతారు?"

నిజమే, ఎవరూ దొరకరు. కడప నుంచి చివరి కార్డు వచ్చి పన్నెండు రోజులైంది. పుస్తకం మా ఇద్దరి మధ్యా చాప మీద ఉంది.

"ఆయమ్మి వచ్చి కోస్తానన్నాది సామీ."

"కథ పోతుందండీ."

"పోనీలెండి."

ఆయన మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. ఆ తరువాత నేనూ ఒక మడతను ఉబ్బించి ఒంటికన్నుతో చూశాను. ఫ్రెంచే.

మరో నాలుగు రోజులకు కార్డు వచ్చింది. ఆడపిల్ల, తల్లికి జ్వరం వచ్చి తగ్గింది అని. దాన్ని నిలబడి చదివి, కూర్చుని చదివి, ఆపీసులో ఒక పెండ్లి పత్రికను తలకిందులుగా పేర్చాను.

పిల్లకు అయిదో నెలలో ఆమె వచ్చింది. బిడ్డను నా ఒళ్ళో పడేసి, కాళ్ళయినా కడుక్కోకుండా పుస్తకం తీసుకుని మూడు ఫారాలూ కోసింది. చదివిపెట్టే మనిషి లేడు. అయినా ఇద్దరం ఒక్కొక్క పేజీ తిప్పుతూ చివరిదాకా చూశాం.

"ఉత్తరం సేరిందంటావా?" అన్నాను.

ఆమె చివరి పేజీ మీద వేలు పెట్టి, అక్షరాల వెంట నిదానంగా జరిపింది.

"సేరిందిలే," అంది.

కోసిన పుస్తకం కోయనిదానికంటే లావవుతుంది. ఇప్పుడది గూట్లో మిగతా పదింటి పక్కన నిలువుగా పట్టడం లేదు. అడ్డంగా పెడుతున్నాం.