గురువమ్మ చెయ్యి

గురువమ్మతో నోరు పెట్టుకుని గెలిచినవాళ్లు కోలారు బంగారు గనుల చాంపియన్ రీఫ్స్‌లో ఇంతవరకు లేరు. నీళ్ల ట్యాంకరు డ్రైవరు ఆమె గుమ్మం దాటేదాకా హారన్ మీద చెయ్యి వెయ్యడు. కరెంటాఫీసు వాళ్లు ఆమె గొంతు వినగానే వెనక గదిలోకి జారుకుంటారు. మొగుణ్ణి గని దుమ్ము తినేశాక, గని కంపెనీ కూలీలకు వరసగా కట్టించిన ఆ లైన్ ఇంట్లో నోటితోనే సంసారం ఈడ్చుకొచ్చింది మహాతల్లి.

ఆమెకు ఒక్కడే కొడుకు, మోహన్. మాలూరు ఫ్యాక్టరీకి బండిమీద పోతుంటే లారీ తగిలి కాలు విరిగింది. కోలారులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాలికి రాడ్ వేశారు. కుట్లు మానకపోగా చీము పట్టింది. మందు మార్చి మందు ఎక్కించినా జ్వరం దిగలేదు. చీమును పరీక్షకు పంపితే, ఆ పుండులో ఉన్నది మామూలు మందులకు లొంగని మొండి క్రిమి అని తేలింది. మోహన్‌ను వార్డు చివర విడిగా ఒక గదిలో పెట్టారు.

గది ముందు నర్సు వినుత కాపలా. ఒకరి జబ్బు ఇంకొకరికి అంటకుండా చూడటమే ఆ పిల్ల ఉద్యోగం.

"అమ్మా, ఈ గౌను, గ్లౌజులు వేసుకోని పోండి. మంచం మీద కూర్చోవద్దు. బయటికి వస్తానే చేతులు కడుక్కోండి. ఈన్నించి ఇంగో వార్డుకు పోవద్దు."

"నా కొడుకును ముట్టేదానికి నాకు గ్లౌజులా?"

"ఆ క్రిమికి పనిచేసే మందు ఇంగ ఒక్కటే మిగిలి ఉండాది. మీ చేతినించి అది వేరేవాళ్ల పుండులోకి పోతే వాళ్ల ప్రాణం మీదికి వస్తాది."

గురువమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకెక్కదు? చిత్తూరు పక్క పల్లెలో ఆమె తాత దోసిలి పడితే, నీళ్లు పోసేవాళ్లు తగలకుండా పైనుంచి పోసేవాళ్లు. ఆ బతుకు మీద ఉమ్మేసి గనికి వచ్చాడాయన. గనిలో ఎవడు గాయపడినా షిఫ్టు షిఫ్టంతా వచ్చి, గాయం పక్కన చెయ్యి పెట్టి పోయేది. అదే లైన్ ఆనవాయితీ. చెయ్యి పెట్టకుండా పోయినవాడు పగవాడి కిందే లెక్క. గనులు మూతపడ్డాయి గానీ ఆ ఆనవాయితీ మూతపడలేదు.

"మమ్మల్ని మళ్లీ వెలేస్తా ఉండారా?" అని వార్డు అదిరేట్టు అరిచింది.

"వెలి కాదమ్మా, అందరి మంచికే."

"మీ మంచి కాల! విరిగిన కాలు తెచ్చిస్తే కుళ్లిన కాలు చేసినారు. ఆ పురుగు నా ఇంట్లోంచి వచ్చిందా, మీ ఆసుపత్రిలోంచి వచ్చిందా?"

వినుతకూ తెలుసు, మోహన్‌కు అది అంటింది అక్కడే. పెద్ద డాక్టరు ఒక మంచం నుంచి ఇంకో మంచానికి అవే చేతుల్తో పోవడం గురువమ్మ కళ్లారా చూసింది.

మధ్యాహ్నం వినుత భోజనానికి పోవడమే ఆలస్యం, గౌనూ లేదు గాడిదగుడ్డూ లేదని గురువమ్మ లోపలికి దూరింది. కొడుకు మంచం మీదే కూర్చుని ముద్దలు పెట్టింది. కట్టు పక్కన కారిన చీమును వేళ్లతో తుడిచింది. "ఎవురు ముట్టకపోయినా నేను ముడతానప్పా" అంటూ కాలు నిమిరింది. మోహన్ ఆ చేతికింద కాసేపు హాయిగా నిద్రపోయాడు.

చెయ్యి కొంగుకు తుడుచుకుని కింది అంతస్తుకు దిగింది. అక్కడ పక్కింటి అక్కయమ్మ కోడలు దీపశ్రీకి కడుపు కోసి బిడ్డను తీశారు. అక్కయమ్మ అంటే గురువమ్మకు ప్రాణం. ఇద్దరూ ఒక కంచంలో తిన్నవాళ్లు. చూడకుండా పోతే ఏం బాగుంటుంది? పోయింది, జారిన కట్టు సర్ది, కోత పక్కన చెయ్యి పెట్టి మరీ వచ్చింది.

ఆ వారంలోనే దీపశ్రీ కుట్లు విచ్చుకుని చీము పట్టింది. పరీక్షలో అదే మొండి క్రిమి. వినుత గురువమ్మను మెట్లమీద నిలేసింది.

"ఆ బాలింతను ముట్టినారా?"

"ముట్టినా. అయితే? మీ డాక్టరు ముట్టలేదా?"

"ముట్టినాడు. చేతులు కడిగినారా అని అడిగితే నన్ను కసిరినాడు. ఎవురి చేతినించి పోయిందో నేను చెప్పలేను. మందుకు తగ్గితే సరి. లేకుంటే ఆ బిడ్డకు తల్లి ఉండదు."

తిట్టడానికి నోరు తెరిచిన గురువమ్మ, ఆ చెయ్యి డాక్టరుదే అయ్యుండాలని దేవుళ్లందరికీ మొక్కుకుంది. మొక్కుకుంటూనే, తను వేళ్లు కడుక్కోలేదన్న సంగతి గుర్తొచ్చి ఆ వేళ్లవంకే చూసుకుంది.

దీపశ్రీనీ విడిగదిలో పెట్టారని తెలిసి లైన్ జనం వ్యాను మాట్లాడుకుని వచ్చి దిగారు. ముందు అక్కయమ్మ. వినుత వద్దంటే వినేదెవరు? తోసుకుని వచ్చారు. అప్పుడు గురువమ్మ పోయి తలుపుకు అడ్డం నిలబడింది.

"జరుగే!" అంది అక్కయమ్మ.

"జరగను. ఇంతమంది చేతులు పెడితే పిల్ల చస్తాది. ఆ చేతులే పోయి ఇంగో బాలింత మీద పెడతారు."

"నీ కొడుకును నువ్వు ముట్టొచ్చు, నా కోడల్ని మేము ముట్టకూడదా? దోసిట్లో పైనించి నీళ్లు పోసినోళ్లకూ నీకూ ఏమే తేడా?"

గురువమ్మ తలుపు గడియ పట్టుకుంది. "నేను ముట్టినా కాబట్టే చెప్తా ఉండా. మోహన్ చీము తుడిచిన చేత్తోనే నీ కోడలి కట్టు సర్దినా. నా చేతినించే పోయిందేమో. కొట్టు, చంపు. లోపలికి మాత్రం పోనియ్యను."

అక్కయమ్మ ఆమె మొహాన ఉమ్మేసింది. జుట్టు పట్టుకుని ఈడ్చింది. సెక్యూరిటీ వాళ్లు వచ్చేదాకా గురువమ్మ తలుపు గడియ వదల్లేదు.

ఆ మిగిలిన ఒక్క మందూ పనిచేసి దీపశ్రీ చచ్చి బతికింది. మోహన్ కాలు కూడా నిలిచింది, కర్ర పట్టుకుని నడిచేటంతగా. డాక్టరు చేతులు కడుగుతున్నాడో లేదో దేవుడికెరుక. వినుత మాత్రం ఆయనతో ఇంకా పోట్లాడుతూనే ఉందట.

మోహన్ ఇంటికి వచ్చిన రోజు ఆటో శబ్దానికి లైన్‌లో తలుపులన్నీ తెరుచుకున్నాయి. అందరూ గడపల్లోనే నిలబడ్డారు. ఒక్కరూ మెట్టు దిగలేదు. అక్కయమ్మ మనవణ్ణి చంకనేసుకుని, గురువమ్మ చూస్తుండగానే తలుపు వేసేసింది.

మోహన్ కర్రమీద ఆనుకుని ఎదురుచూశాడు. "ఏమ్మా, ఎవురూ రాలేదే?"

"నేనే రావద్దన్నాలేప్పా," అంది గురువమ్మ. "పుండు ఇంకా పచ్చిగా ఉండాది."