వంచబోతే విరిగిన ఫ్రిజ్

నిన్న మా ఊరి శివారు గంగాలిన్‌లో ట్రామ్ దిగి నడుస్తుంటే, ఎవరో ఒక చిన్న ఫ్రిజ్‌ని ఇంటి ముందు గడ్డి మీద పెట్టి "ఫ్రీ" అని కాగితం అంటించారు. నేను తలుపు తీసి లోపలికి తొంగి చూడబోయాను. మావారు చెయ్యి పట్టుకుని లాగారు. "పద పద, మనకొద్దు అది."

మా ఫ్రిజ్ కథ జరిగింది, రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న వైటూకే హడావుడి ముగిసిన తర్వాతి వేసవిలో. కంప్యూటర్లేవీ ఆగిపోలేదు, మావారి కాంట్రాక్టు మాత్రం ఆగిపోయింది. రోజూ టై కట్టుకుని ఇంటర్వ్యూలకని వెళ్ళేవారు, సాయంత్రానికి మొహం వేలాడేసుకుని వచ్చేవారు. అంతలో ఆయన పాత మేనేజరు మా ఇంటికి బార్బెక్యూకి వస్తానన్నాడు. అతనికి ఇంట్లో చేసిన బీరంటే ప్రాణమట. ఇంకేముంది, అతను ఉద్యోగం ఇప్పిస్తాడేమోనని, చుక్క ముట్టని మావారు బస్సు నడిపే పక్కింటి ఫిజీ అంకుల్ దగ్గర డ్రమ్మూ ఈస్టూ తెచ్చి గరాజ్‌లో బీరు మొదలెట్టారు. ఎండకు మొదటి డ్రమ్ము చెడిపోయి, ఇల్లంతా పాచిపోయిన పులుసు కంపు. రెండోదాన్ని చల్లగా ఉంచాలని పాత చిన్న ఫ్రిజ్ ఒకటి కొన్నారు. అరలు తీసేశారు, తలుపు లోపలి ప్లాస్టిక్ కోసేశారు. అయినా పైనున్న ఫ్రీజర్ రేకు అడ్డం. దాన్ని వెనక్కి వంచితే డ్రమ్ము పడుతుందన్నారు. నేను టార్చి పట్టుకున్నాను. "మెల్లగానండీ" అన్నానో లేదో, రేకు టప్పున చీలి, అందులోని చల్లబరిచే గ్యాసంతా స్స్‌మని పోయింది. ఫ్రిజ్ ఇక పనికిరాదు.

ఆయన నేల మీద చతికిలబడ్డారు. "ఇది కూడా నా వల్ల కాలేదు" అంటూ వెక్కి వెక్కి ఏడ్చారు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం చూడ్డం అదే మొదలు. కాసేపటికి తలెత్తకుండానే, "ఇంటర్వ్యూ కాల్స్ ఎప్పుడో ఆగిపోయాయి. రోజూ లైబ్రరీలో కూర్చుంటున్నా" అన్నారు.

నాకు కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ భయం వేసింది. ఏదో ఒకటి చెయ్యకపోతే నేనూ కూలబడేలా ఉన్నాను. డ్రమ్ముని బట్టలుతికే తొట్టిలో నిలబెట్టి, నీళ్ళు పోసి, తడి తువ్వాళ్ళు చుట్టి, ఫ్యాను పెట్టాను. బీరు పులిసే వారమంతా ఇద్దరం వంతులేసుకుని తువ్వాళ్ళు తడిపాం. ఆ వారం ఆయన టై కట్టలేదు.

సీసాలకెత్తిన కొన్నాళ్ళకి మేనేజరు వచ్చాడు. ఒక గ్లాసు తాగి, "నాట్ బ్యాడ్, మేట్" అన్నాడు. రెండో గ్లాసు మధ్యలో, ఉద్యోగాలేమీ లేవనీ, తనదే ఉంటుందో ఊడుతుందో తెలియదనీ చెప్పి తల దించుకున్నాడు. మావారే అతని భుజం తట్టారు. మర్నాడు ఫిజీ అంకుల్ వెంట బస్సు డ్రైవర్ల ట్రైనింగుకి వెళ్ళారు. రిటైరయ్యేదాకా ఈ ఊళ్ళో బస్సే నడిపారు.

ఆ వేసవి ఎంతకీ గడవదనుకున్నాం. ఇప్పుడు చెప్పబోతే నాలుగు మాటల్లో అయిపోయింది.