కాళ్ల మీది స్నానం

మల్కాజ్‌గిరిలో శ్యామలమ్మ ముప్పై ఏళ్లు పసిపిల్లలకు నీళ్లు పోసింది. పీట మీద కూర్చుని కాళ్లు బారచాపేది. బిడ్డను ముంగాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి నూనె రాసేది, శనగపిండితో నలిచేది, గోరువెచ్చని నీళ్లు పోసేది. చివరి చెంబుతో దిష్టి తీసి "శ్రీరామరక్ష" అనేది. ఎంత ఏడ్చే బిడ్డయినా ఆ కాళ్ల మీద కళ్లు మూసుకునేది.

ఆ ముంగాళ్ల మీదే ఎగ్జిమా వచ్చింది. దురద, పగుళ్లు, రసి. అంటుకునేది కాదని డాక్టరు చెప్పినా తల్లుల భయం తల్లులది. ఆఖరి ఇంటివాళ్లు మంచివాళ్లు, మాట నొప్పించలేదు. "టబ్బు కొన్నం శ్యామలమ్మా, నీకు తిప్పలెందుకు" అన్నారు. ఎప్పటి గ్లాసులోనే టీ ఇచ్చారు, చీర పెట్టి పంపారు. ఆమె ఆ చీర కట్టలేదు.

అప్పటికి కూతురు సుకన్యకు ఆరో నెల. "దేవుడా, దాని కడుపుల బిడ్డకైనా ఈ కాళ్లు పనికి రానియ్యి" అని శ్యామలమ్మ రోజూ దీపం దగ్గర మొక్కుకునేది.

సికింద్రాబాద్‌లో ఒక చర్మ డాక్టరమ్మ లైటు వైద్యం రాసింది. వారానికి మూడుసార్లు బస్సులో వెళ్లాలి. బీరువాలాంటి పెట్టె, లోపల నిలువునా నీలిరంగు ట్యూబులైట్లు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నిలబడాలి. మొదటిరోజు ఆమెకు భయమేసింది. లైటు వేసే అమ్మాయి జోయా తలుపు బయటి నుంచి మాట్లాడుతూనే ఉంది. "అయిపాయె ఆంటీ, ఇంకో పది సెకన్లే. ఏం కూర వండినరు ఇయ్యాల?" ఆనాటి నుంచి ప్రతిసారీ అంతే.

పద్నాలుగోసారికి దురద తగ్గింది. రాత్రి తెల్లవార్లూ నిద్రపట్టింది. చర్మం మాత్రం ఎండి పెళుసుబారింది. అది కంటపడింది భర్త రాములుకి. రెజిమెంటల్ బజార్‌లో బట్టల కొట్లో పని ఆయనది. పక్కనున్న మూలికల కొట్టులో అడిగి, చర్మానికి మంచిదంటే బావంచాల గింజల నూనె తెచ్చాడు. తెల్లారి ఆమె ముందు కూర్చుని, ఆమె కాళ్లు తన ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇడువయ్యా, నాకు పాపం తగుల్తది."

"గీ గల్లీల పోరగాళ్లందరికి నువ్వే రాస్తివి. నీకెవరు రాయాలె?"

ఆమెకు కన్నీళ్లొచ్చాయి. నూనె ఇంకాక, బిడ్డలకు చేసినట్టే శనగపిండితో జిడ్డంతా పోయేదాకా నలిచి కడుక్కుంది. తర్వాత బస్సెక్కింది.

"పొద్దున ఏమన్న పూసుకున్నరా ఆంటీ?" జోయా ఎప్పటిలాగే అడిగింది.

"ఏం లేదు బిడ్డా. మంచిగ తానం చేసొచ్చిన."

కడిగితే పోయిందనే ఆమె నమ్మకం. ముప్పై ఏళ్లు ఆ చేతులకు తెలిసింది అదే.

రెండోరోజుకి కాళ్లు కమిలిపోయాయి. మూడోరోజుకి నిమ్మకాయలంత బొబ్బలు. డాక్టరమ్మ గుచ్చి గుచ్చి అడిగితే నూనె సంగతి బయటపడింది. "ఆ నూనె ఇంకిన చర్మాన్ని ఈ లైటు కాల్చేస్తుందమ్మా. కడిగినా పోదు. మానినాక తక్కువ లైటుతో మళ్లీ షురూ చేద్దాం" అంది. జోయా ఏడ్చింది. "నేను ఇంకోసారి అడగాల్సుండె ఆంటీ."

"నీ తప్పేంది బిడ్డా." శ్యామలమ్మ బయట బల్ల మీదున్న రాములు వైపు చూసింది. "ఆయనకు మాత్రం చెప్పకుండ్రి."

బయటికొచ్చాక రాములు అడిగాడు, "ఏమన్నరే?"

"లైటు జెర ఎక్కువైందట."

"గా పిల్ల సూస్కోవద్దా? మనిషిని కాల్చి పెడ్తదా?" గది లోపలికి వినబడేలా అరిచాడు. జోయా తల వంచుకుంది. రాములు శ్యామలమ్మ చెయ్యి పట్టి తన నెత్తిన పెట్టుకున్నాడు. "ఇగ ఆ పెట్టెల అడుగు పెట్టనని నా మీద ఒట్టెయ్యి."

ఆమె వేసింది. ఇంటికెళ్లి నూనె సీసా కావాలనే పగలగొట్టి, చేయి జారిందని చెప్పింది.

మనవరాలు పుట్టింది. పక్క వీధి ఆమె వచ్చి తన కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసింది. శ్యామలమ్మ స్టూలు మీద కూర్చుని "మెడ కింద చెయ్యి పెట్టు తల్లీ" అంటూ చూసింది. బొబ్బలు మాని నల్లమచ్చలయ్యాయి. వాటి కింద పాత దురద మళ్లీ లేచింది. జోయా రెండుసార్లు ఫోన్ చేసింది. "రండి ఆంటీ, నేను దగ్గరుండి చూస్కుంట." "వస్త బిడ్డా" అంది, వెళ్లలేదు. వెళ్లాలంటే ఒట్టు తీయించుకోవాలి. ఒట్టు తీయించుకోవాలంటే నూనె మాట చెప్పాలి. రాములు సాయంత్రాలు కొబ్బరినూనె గిన్నెతో వచ్చి ఆమె కాళ్లు ఒళ్లో పెట్టుకునేవాడు. వంగిన ఆ నెరిసిన తల చూడగానే గొంతుదాకా వచ్చిన మాట వెనక్కి పోయేది.

ఆర్నెల్లకు పాప టబ్బులో తనంతట తాను కూర్చుంది. సుకన్య చెంబు అందించింది. "అమ్మా, దిష్టి నువ్వు తియ్యి."

శ్యామలమ్మ నీళ్లు తిప్పి పోసింది. "శ్రీరామరక్ష."

"సూడవే, బంగారు తల్లి కూసున్నది!" రాములు మురిసిపోయాడు. "ఇగ కాళ్లతోని పనే లేదు."

"లేదు" అంటూ శ్యామలమ్మ చీర కుచ్చిళ్లు ముంగాళ్ల మీదికి సర్దుకుంది.