పదమూడో ఎక్కం, పులివెందుల మిట్ట

మా డ్రిల్లు సారు పోయారని కబురొచ్చేసరికి నేను సైకిలు తుడుస్తున్నాను. ప్రొద్దుటూరులో వాళ్లది మా పక్క వీధే. చేతులకంటిన గ్రీసుతోనే పరుగెత్తాను. టిఫిను చేసి, కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ అలాగే ఒరిగిపోయారట. గుండె ఆగిందన్నారు.

ఆయన్ను కుర్చీలోంచి దించి పడుకోబెట్టి గంట కూడా కాలేదు, వాకిట్లో మాటలు మొదలయ్యాయి. "ఈ వయసులో ఆ సైకిలేంది? అదే సంపింది ఆయప్పను" అన్నాడొకాయన. నాకు ఒళ్లు మండింది. గుండెకు స్టెంట్లు వేయించుకున్నాక పన్నెండేళ్లు సైకిలు తొక్కిన మనిషి కుర్చీలో పోతే, నింద సైకిలు మీదా? ఆ కుర్చీని మాత్రం ఒక్కరూ ఏమీ అనలేదు.

నేను జమ్మలమడుగు హైస్కూల్లో చదివేటప్పుడు ఆయన మా డ్రిల్లు మాస్టరు. ఆడపిల్లలను కూడా గ్రౌండంతా పరుగెత్తిస్తున్నాడని పెద్దవాళ్లు తిట్టుకునేవారు. ఆయన విననట్టే ఈల ఊదేవారు. నేను అప్పుడు బడికి సైకిలు మీదే వెళ్లేదాన్ని. పెళ్లయి ప్రొద్దుటూరు వచ్చాక ఆ ముచ్చట అటకెక్కింది. యాభై దాటాక మిద్దె మెట్లెక్కితే ఆయాసం, పైగా బీపీ. ఒకరోజు కూరగాయల మార్కెట్లో సారు నా ఆయాసం చూసి, "ముందు డాక్టరుకు సూపిచ్చుకో. ఆయన సరేనంటే సైకిలెక్కు" అన్నారు.

"ఈ వయసులోనా సార్?"

"నీ వయసు నేనడగల్యా పాపా."

డాక్టరు సరేనన్నాడు. గేర్ల సైకిలు కొన్నాను. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చూపించే వాచీ తెచ్చి మా అమ్మాయి నా చేతికి కట్టింది. నాకు చిన్నప్పటి నుంచీ క్లాసులో ఫస్టు రావాలన్న పిచ్చి. వాచీలో అంకె ఎంత పెరిగితే అన్ని మార్కులు అనుకున్నాను. రోజూ అది ఎర్రబడేదాకా తొక్కడం, ఇంటికొచ్చి వరండాలో వెల్లకిలా పడటం. మూడు వారాలకు నిద్ర కరువైంది, కాళ్లు బరువెక్కాయి, మెట్ల మీద ఆయాసం మళ్లీ మొదటికొచ్చింది. సిగ్గుపడుతూ పోయి సారుకు చెప్పాను.

"దినామూ పరిచ్చలే రాస్తే సదివేదెప్పుడు?" అంటూ ఆయన వాచీ విప్పించి తన జేబులో వేసుకున్నారు. "నువ్వు పదమూడో ఎక్కం పైకి చెప్తా తొక్కు. తెగకుండా వస్తే నీ గుండె సదువుకుంటాండాదని. తెగిందనుకో, స్పీడు తగ్గిచ్చు. పరిచ్చ వారానికొగటి సాలు."

అలా జమ్మలమడుగు రోడ్డు మీద తెల్లవారి ఎక్కాలు మొదలయ్యాయి. ముందు సారు పాత సైకిలు, ప్యాంటు అంచుకు క్లిప్పు, మెడలో అదే ఈల. వెనక నేను, పదమూడొకట్ల పదమూడు అనుకుంటూ. పాల క్యాన్ల బండి మీద పోతున్నతను ఒకసారి ఆగి, "ఏందక్కా, ట్యూషనా?" అని నవ్వాడు. "నువ్వూ రాప్పా, నీకు రెండో ఎక్కంతో మొదలుపెడ్తా" అన్నారు సారు. ఆ నిదానపు తొక్కుడుకు మొదట్లో నాకు చిరాకేసేది. కానీ నాలుగు నెలలకు, లేవకముందే మంచం మీద చూసుకునే నా నాడి ఎనభై నాలుగు నుంచి డెబ్బైకి దిగింది. సారు నా వాచీ నాకిచ్చేశారు. "ఇంగ ఇది నీకు పనిమనిషి, యజమాని గాదు" అన్నారు. చలికాలం పోయేలోగా పులివెందులలో మా అక్క ఇంటిదాకా తొక్కి, అక్కడ కాఫీ తాగాలని ఇద్దరం అనుకున్నాం.

ఆ కాఫీ తాగకుండానే ఆయన పోయారు.

పెద్దకర్మ నాడు మా ఆయన మెల్లగా అన్నాడు: "ఇంగ సాలుగాని. అంత తెలిసిన సారుకే అట్లయింది. ఆ సైకిలు యెవరికన్నా ఇచ్చేద్దాం."

ఆయనది భయమని నాకు తెలుసు. నాకూ ఉంది. పక్కనే ఉన్న సారు భార్య నా చెయ్యి పట్టుకుని, "పులివెందులకు యెప్పుడు పోతాండావు?" అని అడిగింది.

"రేపే" అన్నాను, మా ఆయన వైపు చూస్తూ.

మర్నాడు చీకటి విడవగానే బయలుదేరాను. మా ఆయన గేటు దాకా వచ్చాడు. నీళ్ల సీసా తనే సైకిలుకు బిగించాడు. దారి పొడుగునా ఎక్కం బాగానే సాగింది. వేముల దాటాక ఒక మిట్ట వచ్చింది. సారు ఉండుంటే అక్కడ ఈల ఊది ముందుకు పోయేవారు. పదమూడార్ల డెబ్బైఎనిమిది అన్నాను. పదమూడేళ్ల... దగ్గర ఎక్కం తెగింది. వాచీ చూశాను. గుండె ఉండాల్సిన వేగంలోనే ఉంది. అది ఆయాసం కాదు, ఏడుపు.

ఎక్కం తెగితే స్పీడు తగ్గించాలి. సారు చెప్పిన మాటల్లో ఆ ఒక్కటి ఆరోజు వినలేదు. కళ్లు తుడుచుకోకుండానే, పదమూడేళ్ల తొంభైఒకటి, పదమూడెనిమిదుల నూటనాలుగు అని అరుచుకుంటూ ఆ మిట్ట ఎక్కేశాను.