కార్డు మీద లేని మాట

ఓర్లీన్ స్టకీ రెండు సాయంత్రాలు కూర్చుని అద్దె గ్యాస్ కుంపట్లతో పాటిచ్చే రెండు వందల కార్డుల అడుగున ఒకే మాట బాల్‌పెన్నుతో రాసింది: "ఆరుబయట మాత్రమే వాడండి. టెంటులోకీ, గోడలు మూసిన పందిరిలోకీ తీసుకుపోవద్దు." మూడో రోజు పట్నం నుంచి పికప్ ట్రక్కులో వచ్చిన కంపెనీ సూపర్‌వైజర్ బ్రైస్ ఆ కట్టను తిరగేసి చూశాడు. చూసి, చెత్త సంచిలో పడేశాడు. రాతలేని కొత్త కట్ట ఆమె చేతిలో పెట్టాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆమె కూడా ఒక మాట అని ఉండేది.

"జనం ఇక్కడికి సెలవు గడపటానికి వస్తారు ఓర్లీన్, చావుల గురించి చదవటానికి కాదు. మీరు కార్డు మీద ఉన్నది చదవండి, చాలు."

ఆమె సరే అంది.

ఆ సరే వెనక ఏముందో చెప్పాలి. ఓర్లీన్ ఇరవై ఆరేళ్లు బడి బస్సు నడిపింది. మొగుడి జబ్బు ఇంటిని తినేసింది, ఆ తర్వాత మొగుడూ పోయాడు. మిగిలింది ఒక పాత ట్రైలర్, బండికి తగిలించి ఈడ్చుకుపోయే చక్రాల ఇల్లు. దాన్ని నిలుపుకోవడానికి చోటు కావాలి. అమెరికాలో కొలరాడో కొండల్లో ఎల్క్ బెండ్ అనే క్యాంపును నడిపే కంపెనీ చోటిచ్చింది, కరెంటూ నీళ్లూ ఇచ్చింది, చేతిఖర్చుకు కాస్త ముట్టజెప్పింది. కాగితం మీద వారానికి ఇరవై గంటల పని. మరుగుదొడ్లు కడగడం, బూడిద ఎత్తడం, గొడవలు తీర్చడం, కుంపట్లు అద్దెకివ్వడం అన్నీ కలిపితే తెల్లారింది మొదలు చీకటి పడేదాకా. ఆ దేశంలో ఆమె వయసువాళ్లు ఎందరో ఇలా ఎండాకాలానికో క్యాంపు చొప్పున ట్రైలర్లు ఈడ్చుకుంటూ బతుకుతున్నారు. వాళ్లను పనివాళ్లు అనరు. "హోస్టులు" అంటారు. అతిథుల్ని ఆదరించేవాళ్లట. తలుపు మీద ఆ బోర్డు వేలాడదీసుకున్నాక కూలి గురించి నోరెత్తడం మర్యాద కాదు కదా.

ఆ ఏడాది వానల్లేవు. ఎదుటి కొండ మీద పైన్ చెట్లలో సగం పురుగు తిని ఎండిపోయాయి. జిల్లా పాలన చూసే కౌంటీవాళ్లు జూన్‌లోనే కట్టెల మంట నిషేధించారు. బొగ్గులు కూడా కుదరవన్నారు. మర తిప్పితే ఆరిపోయే గ్యాస్ మంట ఒక్కటే వాడుకోవచ్చు. దాంతో అందరూ గ్యాస్ కుంపట్ల మీద పడ్డారు: మోకాలెత్తు గుండ్రటి ఇనప పళ్లెం, అందులో లావా రాళ్లు, పక్కన ప్రొపేన్ సిలిండర్, మధ్యన రబ్బరు గొట్టం. మర తిప్పితే రాళ్ల మధ్య నుంచి మంట లేస్తుంది. చుట్టూ కుర్చీలేసుకుని మార్ష్‌మాలో మిఠాయిలు కాల్చుకుంటూ పాత కబుర్లు చెప్పుకోవచ్చు. మంట లేకపోతే క్యాంపింగే కాదనుకునే జనం వాళ్లు. అది లేకుండా రెండు రోజులుంటే మనుషులే చిరాకుగా తయారవుతారు. ఆ చిరాకంతా ఓర్లీన్ మీద పడేది. కట్టెలు ఆర్పమని చెప్పాల్సింది ఆమే కాబట్టి.

పదకొండో నంబరు చోటులో ఏటా వేసవంతా దిగే చేపలు పట్టుకుంటూ గడిపే ముసలి గొర్రెల రైతు వెర్న్ ఆమెను పోలీసు అధికారిని పిలిచినట్టు షెరీఫమ్మా అని పిలిచేవాడు. "షెరీఫమ్మా, సిగరెట్ కాల్చుకోవచ్చా, దానికీ మర బిగించుకోవాలా?" అని రోజూ అడిగేవాడు. మర నీ నోటికి బిగించాలి అనేది ఆమె. పొద్దుటి కాఫీ అలా పూర్తయ్యేది.

కంపెనీ కార్డు మీద మూడు మాటలున్నాయి: "పొగ ఉండదు. నిప్పురవ్వ ఉండదు. బెంగ ఉండదు." కుంపటి ఇచ్చేటప్పుడు హోస్టు దాన్ని పైకి చదవాలి. తయారుచేసినవాళ్లు అతికించిన హెచ్చరిక చీటీ కుంపటి అడుగున ఉండేది. అద్దెకు తిరిగి తిరిగి, నేల రాసుకుని, అది ఏనాడో ఊడిపోయింది. మూసినచోట గ్యాస్ మండితే గాలిలో ప్రాణవాయువు తగ్గుతుందనీ, వాసనా రంగూ లేని కార్బన్ మోనాక్సైడ్ కమ్ముకుంటుందనీ ఓర్లీన్‌కు బస్సుల షెడ్డులో పనిచేసిన రోజుల నుంచి తెలుసు. అందుకే ఆ రెండు వందల కార్డులు.

ఆగస్టులో ఒక గురువారం నెబ్రాస్కా మైదానాల నుంచి కెస్లర్ కుటుంబం వచ్చింది. గ్రేడీ ధాన్యం గోదాములో మెకానిక్. భార్య జోలీన్. తొమ్మిదేళ్ల కూతురు టెస్. పిప్పిన్ అనే బుల్లి కుక్క. ఆ కుక్క ఓర్లీన్ కనబడితే చాలు, తన ఆస్తి దోచుకోవడానికి వచ్చినట్టు మొరిగేది.

వచ్చే దారిలో వాళ్లు కిందటేడు కాలిన కొండను చూశారు. మైళ్ల కొద్దీ నల్లటి మోళ్లు. గ్రేడీ బెదిరిపోయి ఉన్నాడు. కుంపటి తీసుకుంటూ వరసగా ప్రశ్నలు వేశాడు. చుట్టూ ఎంత జాగా వదలాలి, గడ్డి కోయాలా, బకెట్‌తో నీళ్లు పెట్టుకోవాలా. అంత జాగ్రత్త గల మనిషి ఆ వేసవిలో ఆమెకు ఇంకొకడు తగల్లేదు. అన్నిటికీ జవాబు చెప్పి ఆమె కార్డు చదివింది. వెనక మరో నలుగురు నిలబడి ఉన్నారు.

"అంటే భయం లేదన్నమాట?" అన్నాడు గ్రేడీ.

ఆ మాట ఆమె నాలుక చివర ఉంది. చెత్త సంచిలోకి పోయిన మాట. దాన్ని మింగింది.

"లేదు," అంది.

శనివారం మధ్యాహ్నం మూడింటికి కొండ వెనక నుంచి గాలి లేచింది. ఆ కొండల్లో ఉరుముకు ముందు వచ్చే పొడిగాలి అది. దుమ్ము లేపి, మంటను నేలకు అడ్డంగా వంచేస్తుంది. తర్వాత వాన, వడగళ్లు. అరగంటలో చలి ఎముకల్లోకి దిగింది. నాలుగింటికి అంతా తెరిపిచ్చింది. ఓర్లీన్ రెయిన్‌కోటు వేసుకుని రోజూ తిరిగినట్టే బయల్దేరింది.

ఆ తిరుగుడు కంపెనీ చెప్పింది కాదు. బడి బస్సు నడిపేవాళ్లకు ఒక కట్టుబాటుంది. ఆఖరి పిల్ల దిగిపోయాక ఇంజను ఆపి, చివరి సీటు దాకా నడిచి, ఒక్కో సీటూ కిందా మీదా చూడాలి, ఎవరైనా నిద్రపోయి ఉండిపోయారేమోనని. ఇరవై ఆరేళ్లు అలా నడిచిన కాళ్లు మానమంటే మానవు. ఆమె ఇరవై నాలుగో చోటు నుంచి మొదలుపెట్టి ఒకటో నంబరు దాకా, ఒక్కోదాని ముందూ ఆగుతూ వచ్చేది.

పదిహేడు దగ్గర కుక్క మొరగలేదు.

కెస్లర్ల పందిరి నాలుగు గుడ్డ గోడలూ దించి ఉన్నాయి. జిప్పులు కింది దాకా లాగి, అంచుల మీద రాళ్లు పేర్చి ఉన్నాయి. లోపల నారింజ రంగు వెలుగు. చలికి ముడుచుకుని కునుకు తీస్తున్నారనుకుంది మొదట. ఒక అడుగు ముందుకు వేసి కూడా ఆగిపోయింది. తొమ్మిదేళ్ల పిల్ల ఉన్నచోట అంత నిశ్శబ్దమా?

జిప్పు లాగింది. బల్ల మీద పేక ముక్కలు పంచినవి పంచినట్టే ఉన్నాయి. జోలీన్ తల ముక్కల మీద వాలి ఉంది. గ్రేడీ కుర్చీలోంచి జారి మోకాళ్ల మీద కూలబడి ఉన్నాడు, ఒక చేయి మర వైపు చాచి. కుంపటికి దగ్గరగా మడతమంచం మీద టెస్ దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, ఆటల నుంచి అప్పుడే వచ్చి పడుకున్న పిల్లకు మల్లే. కుదిపితే తల ఒక పక్కకు వేలాడిపోయింది.

ఊపిరి బిగబట్టి ఓర్లీన్ పిల్లను చంకల కింద పట్టి తడిగడ్డిలోకి ఈడ్చింది. వెర్న్‌ను కేకేసింది. ఎనభైకి దగ్గరపడుతున్న మనిషి చేపలు కోసే కత్తితో పరుగెత్తుకొచ్చి, ఏమిటని అడక్కుండా, పందిరి గోడను పైనుంచి కిందికి చీల్చేశాడు. సిలిండర్ మర కట్టేశారు. ఇద్దరూ కలిసి పెద్దవాళ్లను బయటకు లాగారు. ఫోను పనిచేసే చోటు కాదు. ఆమె క్యాంపు వాకీటాకీలో కబురు చెప్పి, మళ్లీ పిల్ల దగ్గర కూర్చుని నోట్లోకి గాలి ఊదింది. కొండ దారిలో అంబులెన్స్ రావడానికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఊదింది.

ముందు తెలివి వచ్చింది గ్రేడీకి. గడ్డిలో వాంతి చేసుకున్నాడు. తల పట్టుకుని చుట్టూ చూశాడు. కూతురు కనబడింది. పిల్ల మీదికి వంగి ఉన్న ఓర్లీన్ కనబడింది. నిందగా కాదు, లెక్క తప్పిన మెకానిక్‌లా అడిగాడు:

"పొగ లేదు కదా మేడమ్? పొగే రాలేదు. గాలికి మంట గడ్డిలోకి పాకుతుందేమోనని లోపల పెట్టాం. రవ్వ బయటికి పోకుండా అన్నీ మూసేశాను. అన్నీ సరిగ్గా మూసేశాను."

ఓర్లీన్ మళ్లీ పిల్ల మీదికి వంగి ఊదింది. అడవి కాలుతుందేమోనని బెంగపడ్డాడు ఆ మనిషి. ఎక్కడి నుంచో వచ్చి, ఎవరి అడవో కాపాడుదామని జిప్పులు బిగించి, వాటి మీద రాళ్లు కూడా పెట్టాడు. ఆ కొండల్లో మంట అంటే అందరూ బయటికే చూస్తారు, చెట్ల వైపు, గడ్డి వైపు, గాలి వైపు. లోపల పీల్చే గాలి వైపు చూడమని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. చెప్పాల్సిన మనిషి "లేదు" అంది.

టెస్‌ను హెలికాప్టర్లో డెన్వర్ తీసుకెళ్లారు. బల్ల కింద పిప్పిన్ బిగుసుకుపోయి ఉంది. దాన్ని వెర్న్ తన చొక్కాలో చుట్టి ఎత్తుకెళ్లాడు. ఆ రోజు అతను షెరీఫమ్మా అనలేదు.

మర్నాడు పదింటికి బ్రైస్ వచ్చాడు. పిల్ల ఎలా ఉందని అడుగుతాడేమోనని ఎదురుచూసింది. అతను ఒక కాగితం తీశాడు. "కుంపటిని మూసినచోట వాడరాదని అతిథికి నోటిమాటగా హెచ్చరించాను" అని అచ్చువేసి ఉంది. కింద ఓర్లీన్ సంతకానికి గీత.

ఆమె రెండుసార్లు చదివింది. కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివింది.

"ఇది నేను రాసిన మాటే బ్రైస్. నువ్వు చెత్తలో పడేసిన మాట."

"ఇది మీ కోసమే ఓర్లీన్. మీరు చెప్పలేదంటే తప్పు మీ మీదికొస్తుంది. చెప్పారంటే వాళ్ల మీదికి పోతుంది. మనమెవరమూ ఇబ్బంది పడం."

"ఆ పిల్ల ఇంకా కళ్లు తెరవలేదు."

"మీ ట్రైలర్ ఇక్కడే ఉండాలి కదా మీకు," అన్నాడు అతను. మెల్లిగానే అన్నాడు. బెదిరిస్తున్నానని అతనికైనా తెలుసో లేదో.

ఓర్లీన్ పెన్ను తీసుకుంది. అచ్చులో ఉన్న మాటల మీద అడ్డంగా ఒక గీత గీసింది. కింద తన చేతిరాతతో రాసింది: "కార్డు చదివాను. భయం ఉందా అని అడిగారు. లేదని చెప్పాను. ఉందని నాకు తెలుసు." సంతకం పెట్టి ఇచ్చేసింది.

వారం తిరక్కుండా హోస్టు అక్కర్లేదని కబురొచ్చింది. కారణం రాయలేదు. తొలగించారని అనడానికి కూడా లేదు, ఎందుకంటే ఆమె అసలు పనిచేసే మనిషే కాదట, అతిథుల్ని ఆదరించే మనిషి. వెర్న్ వచ్చి ట్రైలర్ కొక్కెం తన ట్రక్కుకు తగిలించాడు. "మా గొర్రెల దొడ్డి పక్కన చోటుంది షెరీఫమ్మా. కరెంటుంది. గొర్రెలు నీ మీద ఫిర్యాదులు రాయవు," అన్నాడు. ఆమె నవ్వలేదు గానీ ఎక్కి కూర్చుంది.

టెస్ తొమ్మిదో రోజున కళ్లు తెరిచింది. అక్టోబర్‌లో జోలీన్ ఉత్తరం రాసింది. పిల్ల బడికి వెళ్తోంది. మాటల కోసం తడుముకుంటోంది. కుక్క ఉండేదని గుర్తుంది, దాని పేరు గుర్తులేదు. మేం చెప్పినా మర్నాటికి మళ్లీ అడుగుతోంది, అని. చివరన గ్రేడీ రెండు వాక్యాలు కలిపాడు: మీరు ఆ కాగితంలో రాసింది మా లాయరు కంపెనీ దగ్గర్నుంచి తెప్పించి నాకు చూపించాడు. మీ మీద కోపం పోలేదు, కానీ అది రాసినందుకు థాంక్స్.

ఆ ఉత్తరం ట్రైలర్ కిటికీ పక్కన ఉంది. దాని కింద కొత్త కార్డుల కట్ట ఉంది, కంపెనీవి కావు, ఆమె సొంతంగా అచ్చు వేయించినవి. వాటి మీద ఉన్నది ఆ ఒక్క మాటే. వెర్న్ ట్రక్కులో కొండ చుట్టూ ఉన్న క్యాంపులన్నీ తిరిగి ఇస్తోంది. కొన్నిచోట్ల తీసుకుంటున్నారు. కొన్నిచోట్ల గేటు దగ్గరే ఆపేస్తున్నారు.

చదువుతున్న మీరు ఒక పని చేయండి. మీరో, మీ పిల్లలో, మీ స్నేహితులో గుడారాల విడిదికి వెళ్తుంటే, బుక్ చేసే ముందు క్యాంపు నడిపేవాళ్లకు రాసి అడగండి: కుంపటితో పాటు ఇచ్చే కార్డు మీద ఆ మాట ఉందా, లేదా? లేకపోతే వేయించేదాకా రాస్తూనే ఉండండి. అక్కడ పనిచేసే పెద్దవాళ్లకు ఆ మాట చెప్పే స్వేచ్ఛ ఉందో లేదో అదీ అడగండి. అక్కడికి వెళ్లాక, గోడలు మూసిన పందిరిలో వెలుగు కనబడి మనుషుల చప్పుడు వినబడకపోతే, వాళ్ల ఏకాంతం మనకెందుకులే అని దాటిపోకండి. పిలవండి. పలక్కపోతే జిప్పు లాగేయండి. వాళ్లు తిడితే తిట్టించుకోండి.