చెకింగ్ లక్ష్మీరాజం కత్తెర

సిరిసిల్లలో లక్ష్మీరాజం అంటే ఏ లక్ష్మీరాజం అని అడుగుతారు. చెకింగ్ లక్ష్మీరాజం అంటే చాలు, చెయ్యెత్తి ఇల్లు చూపిస్తారు. మరమగ్గాల మీంచి దిగిన బట్టను బల్ల మీద పరిచి, తెగిన పోగులూ వేలాడే దారాలూ వెతికి పట్టుకోవడం అతని పని. ఇరవై రెండేళ్లుగా అదే బల్ల, అదే ట్యూబులైటు. చొక్కా జేబులో వేలెడంత కత్తెర ఒకటి ఎప్పుడూ ఉండేది. పెళ్లికి పోయినా ఉండేది, చావుకు పోయినా ఉండేది. ఎదుటివాడి కాలరు మీద దారప్పోగు కనబడితే మాట మధ్యలోనే చటుక్కున తెంపేసేవాడు. తెంపినట్టు అతనికే తెలిసేది కాదు. ఒకసారి మామగారి కొత్త కండువా కుచ్చులు కూడా అట్లాగే కత్తిరించబోతే, భార్య అనసూర్య చెయ్యి పట్టుకుని ఆపింది. ఇదంతా మొన్న మే నెల దాకా మాట.

ఈ మనిషికి నలభై దాటాక ఫొటోల పిచ్చి పట్టింది. కరీంనగర్‌లో స్టూడియో మూసేసిన ఒకాయన దగ్గర పాత కెమెరా, దానికి మోచెయ్యంత లెన్సు కొన్నాడు. ఆదివారం వస్తే బండెక్కి మాయం. గుట్టలు, పిట్టలు, విమానాలు, ఈ మూడే తీస్తాడు. మనుషుల జోలికి పోడు. “మనుషులు కండ్లు మూస్తరు, మళ్ల ఫొటో మంచిగ రాలేదని నన్నే అంటరు” అనేది అతని వాదం. విమానం ఎక్కిన పాపాన పోలేదు కానీ, ఆకాశంలో అది గీసే తెల్లచారలు చూస్తే మాత్రం పడుగు పోసినట్టుందని మురిసిపోతాడు.

“పిట్టకు ఏనాడన్న గిన్నెడు నీళ్లు పెట్టినవా? ఫొటోలు మాత్రం కావాలె” అని అనసూర్య దెప్పేది. ఆమె నోరు మంచిది కాదని అతను నవ్వి ఊరుకునేవాడు. ఆ మాటలో నిజమెంతో తర్వాత తెలిసింది.

మే చివరి ఆదివారం తెల్లవారుజామున బయలుదేరాడు. జగిత్యాల దాటి, గోదారి దాటి, ఉట్నూరు మీదుగా జైనూర్ వైపు గుట్టలెక్కేసరికి ఎనిమిదిన్నరైంది. జైనూర్ ఇంకా నాలుగు మైళ్లుందనగా, రోడ్డు పక్కన వాగు ఒడ్డు చేనులో ఒక వింత కనబడింది. నీళ్లకు దిగే కాలిబాటకు అడ్డంగా, రెండు గుంజలకు చీర కట్టి ఉంది. అంచు చూడగానే అది సిరిసిల్ల నేత అని తెలిసిపోయింది. బండి ఆపి దగ్గరికి పోయాడు. అంచు దగ్గర ఒక పోగు వేలాడుతోంది. కత్తెర తీసి టక్కున తెంపాడు.

“చీర కోస్తున్నవేంది భావూ?”

వెనక ఒక యాభై అయిదేళ్ల ఆడమనిషి, చేతిలో కట్టె, పక్కన నల్లమేక. చేను ఆమెదే. పేరు గంగుబాయి. ఆ వైపు అన్ననీ తమ్ముణ్ణీ కూడా భావూ అనే పిలుస్తారు.

“కోస్తలేనక్కా. నేను సిరిసిల్లోన్ని. గీ చీర మా దిక్కు నేసిందే. పోగు యేలాడితే నా కండ్లు ఊకుంటలేవు.”

గంగుబాయి పకపకా నవ్వింది. దారికి అడ్డంగా చీర ఎందుకు కట్టావని అతనడిగితే గొంతు తగ్గించి చెప్పింది. చీర అవతల చిన్న చెట్టు మీద పిట్ట గూడు పెట్టింది. మేకా మనిషీ అటు తొక్కకుండా చీర కట్టి, పన్నెండు రోజులుగా తాను చుట్టూ తిరిగిపోయి నీళ్లు తెచ్చుకుంటోంది.

“నిన్న ఇద్దరు కెమెరాలేసుకొని వచ్చిండ్రు. నేను చూపియ్యలే. నువ్వు చీర పోగుకే గంత పరేషాన్ అయితున్నవ్, పిట్ట పానానికి కావా? రా, చూద్దువు. గా బండ దాటకు. ఏం ముట్టకు.”

“ముట్టనక్కా. బాసర సరస్వతమ్మ తోడు.”

గూడు చాయ్ కప్పంత ఉంది. అందులో మూడు పిల్లలు. కాసేపటికి మగపిట్ట వచ్చింది. నల్లని తల, పాలలాంటి ఒళ్లు, మూరెడు పొడుగున రెండు తెల్లని తోక ఈకలు. లక్ష్మీరాజానికి గుండె ఆగినంత పనైంది. ఇట్లాంటి పిట్టను ఆరేళ్లుగా వెతుకుతున్నాడు. గంగుబాయి వంట చేసుకోవాలని మేకను తోలుకుని గుడిసెకు పోయింది.

అరగంట ప్రయత్నించాడు. గూటి ముందు పుల్లల్లాంటి సన్నని ఆకుల కొమ్మలు మూడు అడ్డం. కెమెరా ఎంతసేపూ ఆకునే పట్టుకుంటోంది, గూడు మసకగా వస్తోంది. మొదట బండ మీద కూర్చున్నాడు. తర్వాత బండ మీద నిలబడ్డాడు. ఆ తర్వాత బండ దాటాడు. చెయ్యి తనంతట తానే జేబులోకి పోయింది. ఇరవై రెండేళ్ల అలవాటు మరి. అడ్డమొచ్చింది తెంపడమే తెలిసిన చెయ్యి. టక్, టక్, టక్. మూడు కొమ్మలనీ వాగులోకి విసిరేసి మళ్లీ బండ దగ్గరికి వచ్చి కూర్చున్నాడు, ఏమీ ఎరగనట్టు.

ఇక ఫొటో చూడాలి! గోధుమరంగు తల్లిపిట్ట గూటి మీద రెండు రెక్కలూ పరిచి నిలబడింది. దాని కింద మూడు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. మీద మగపిట్ట తోక రెండు పాయలుగా వేలాడుతోంది. ఒక్క ఆకు అడ్డం లేదు.

ఆ ఆనందంతోనే ఎదురుగా ఉన్న గుట్ట ఎక్కాడు. లోయ తీశాడు, మోదుగచెట్ల మీద గద్దను తీశాడు. తెచ్చుకున్న జొన్నరొట్టె తిన్నాడు. ఒంటిగంట దాటాక హైదరాబాద్ వైపు పోయే విమానం తలమీదుగా పోతే దాన్నీ తీశాడు. కింద ఎండ నిప్పులు చెరుగుతోందని అతనికి తెలుసు. తన నెత్తికి తువ్వాల చుట్టుకున్నాడు కూడా. గూటి మీదికి మాత్రం ఆలోచన పోలేదు.

నాలుగింటికి చెప్పి పోదామని చేను దగ్గరికి దిగేసరికి మేక అరుపులు వినిపించాయి. గంగుబాయి ఏడుస్తూ మేకను కట్టెతో బాదుతోంది. గూడు ఖాళీ. కింద ఒక పిల్ల చచ్చి పడి ఉంది, చీమలు పట్టాయి.

“గీ ముండ తాడు తెంపుకొని చీర కిందకెళ్లి దూరింది భావూ! నేను వచ్చి చూసేటాల్లకు గీ చెట్టు కిందనే ఉన్నది. ఆకంత మేసింది. నీడ పాయె, గూడు బయటపడె. రెండింటిని కాకులెత్కపోయినయి. తల్లి లేని మేకపిల్లని సీసతోటి పాలు తాపి పెంచిన. చంద్రి, చంద్రి అని పిలుచుకున్న. రేపు సంతకు తోల్త. కోసుకుంటరో ఏం చేసుకుంటరో, నాకు దాని మొఖం చూడబుద్ధి కాదు.”

లక్ష్మీరాజం చెట్టు వైపు చూశాడు. మేక మేస్తే కొమ్మ చివర నలిగి, పీచు లేచి ఉండాలి. ఆ మూడు చివర్లూ ఏటవాలుగా, నున్నగా ఉన్నాయి. ఏడుస్తున్న గంగుబాయికి కనబడలేదు కానీ, గజం దూరం నుంచి ఒక్క పోగు తేడా పట్టే కళ్లకు కనబడకుండా పోతుందా?

చేసిన పాపం చెబితే పోతుందంటారు. చెప్పడానికి నోరు రావాలి కదా. మేక వీపు మీద కట్టె పడినప్పుడల్లా అతని నాలుక ఇంకాస్త లోపలికి పోయింది.

“నీ డబ్బల ఉన్నయా పిల్లలు? ఒక్కసారి చూపెట్టు భావూ.”

“బ్యాటరీ అయిపోయిందక్కా” అన్నాడు. కెమెరా మీద చిన్న ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. దాన్ని అరచేత్తో కప్పాడు.

ఆమె నమ్మింది. నమ్మి, కళ్లు తుడుచుకుని, “ఎండల వచ్చినవ్, నీళ్లు తాగి పో” అని చెంబు తెచ్చిచ్చింది. చుట్టూ తిరిగిపోయి తెచ్చుకున్న నీళ్లు.

ఉట్నూరులో చాయ్ కోసం బండి ఆపాడు. బల్ల మీద కెమెరా పెట్టి ఫొటో తెరిచాడు. హోటల్ ఫజలుద్దీన్ చాయ్ గ్లాసు పెడుతూ తొంగి చూశాడు.

“అరె వాహ్! ఏం ఫొటో అన్నా! రెక్కలు గట్ల పరిచింది, నీ ఫొటో కోసమే నిలవడ్డట్టు.”

అతని ఫొటో గురించి అంత మంచి మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఎందుకో మెచ్చుకోలు ఒంటికి పట్టలేదు. అలవాటుగా ఫొటోను పెద్దది చేసి, బట్టలో తప్పు వెతికినట్టు ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. తల్లి ముక్కులో మేత లేదు. పిల్లలు మేత కోసం నోరు తెరవలేదు, ఎండకు రొప్పుతున్నాయి. తల్లి రెక్కలు పరిచింది ఫొటో కోసం కాదు. అతను నరికేసిన ఆకుల బదులు అదే నీడ పట్టింది. అట్లా ఎంతసేపు నిలబడిందో! తాను మాత్రం గుట్ట మీద నెత్తికి తువ్వాల చుట్టుకుని విమానాలు చూస్తున్నాడు. లక్ష్మీరాజానికి తల కొట్టేసినట్టయింది. నిండు హోటల్లో ఆ గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి పోతే ఎవరికీ తెలియదు. ఫొటోల వాట్సాప్ గ్రూపులో పెడితే వందమంది మెచ్చుకుంటారు. రేపు సంతలో చంద్రి పోతుంది. అంతే.

చాయ్ తాగకుండానే లేచాడు. బండిని మళ్లీ జైనూర్ వైపే తిప్పాడు.

పొద్దు గుట్ట మీదికి వాలింది. గుడిసె ముందు గుంజకు మేకను కురచగా కట్టేసి ఉంది. గంగుబాయి గడపలో కూర్చుని ఉంది. నోటితో చెప్పాలని దారి పొడుగునా అనుకున్నాడు. తీరా వచ్చాక ఫొటో తెరిచి కెమెరా ఆమె చేతికిచ్చాడు.

మొదట ఆమె ముఖం వెలిగింది. “మూడున్నయి... మూడు సక్కగున్నయి” అని వేలితో తెర మీద ఒక్కోదాన్నీ తాకింది. తర్వాత ఆ వేలు ఆగింది.

“ఆకులేవి భావూ?”

అతని చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది.

“గప్పటికి మేక నా తాననే ఉండె. పిల్లలు పానంతోని ఉన్నయి. మరి ఆకులేవి?”

లక్ష్మీరాజం జేబులోంచి కత్తెర తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. “నేనే కోసినక్కా. ఫొటోకు అడ్డమొచ్చినయని. చంద్రిని అమ్మకు.”

తిడుతుందనుకున్నాడు. ఆ కట్టెతో నాలుగు వేస్తే కూడా బాగుండేది, ఆ నొప్పి ఓర్చుకోవడం తేలిక. గంగుబాయి కెమెరాను గడపలో పెట్టి లేచింది. పోయి మేక కట్టు విప్పింది. దాని వీపు మీద తేలిన వాతలను అరచేత్తో మెల్లగా నిమిరింది. చంద్రి మొదట బెదిరి వెనక్కి జరిగింది, తర్వాత ఆమె చేతిని నాకింది.

ఆమె ఇటు తిరగకుండానే అడిగింది.

“నేను దీన్ని కొడుతుంటే నువ్వు గీడనే నిలవడి చూసినవ్ గద భావూ?”