మా యారాలు, ఆరు సర్వీసులు

మా ఇంట్లో నాకు ముక్కు మీద కోపమని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. మా మరిది పెళ్లయిన కొత్తలో అతని భార్య, అంటే మా యారాలు, నేను పనిచేసే ఆఫీసులోనే చేరుతోందని తెలిసి నాకు ఒళ్లు మండింది. వంటింట్లోనూ తనే, ఆఫీసులోనూ తనే ఎదురైతే మనిషి ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలి? ఆ మాట మా అత్తతో అనేశాను.

"మంచిదే గదా బిడ్డా, ఒక్క ఆటోల పోతరు, ఒక్క ఆటోల వస్తరు," అందామె. మా అత్తకు ఏ సమస్యయినా ఆటో ఎక్కితే తీరిపోతుంది.

మా ఆఫీసు ఆర్మూర్‌లో ఒక ఎరువుల దుకాణం పైన ఉంది. చుట్టుపక్కల పసుపు రైతుల సంఘానికి సాఫ్ట్‌వేర్ నడపడం మా పని. పసుపు పండించే మా మామ కూడా అందులో సభ్యుడే. రైతు బస్తాలు తెస్తాడు, కాంటా మీద తూకం పడగానే లాట్ నమోదవుతుంది, కొనేవాళ్లు ఫోన్లలో ధర పెడతారు, రైతుకు మెసేజ్ వెళ్తుంది. బయటినుంచి చూసేవాళ్లకు ఇదంతా ఒకటే ప్రోగ్రాం. లోపల మాత్రం ఆరు సర్వీసులు: డేటాబేస్, సెట్టింగులు, లాగిన్, కాంటా, వేలం, మెసేజ్. ఒక్కోటీ దాని డబ్బాలో అది ఉంటుంది. ఆ డబ్బానే కంటైనర్ అంటారు. ఈ డబ్బాలను సంఘం గదిలోని మిషన్ల మీద, అంటే కంప్యూటర్ల మీద సర్ది, ఏదైనా పడిపోతే మళ్లీ లేపేది క్లస్టర్.

క్లస్టర్‌కు లేపడం తెలుసు గాని వరస తెలియదు. కరెంటు పోయి వచ్చిందంటే ఆరింటినీ ఒక్కసారే లేపుతుంది. వేలం లేస్తూనే కాంటాను వెతుకుతుంది, కాంటా డేటాబేస్‌ను వెతుకుతుంది, డేటాబేస్ ఏమో ఇంకా తన లెక్కలు తను సరిచూసుకుంటూ ఉంటుంది. కావలసింది దొరకక ఒక్కోటీ పడిపోతుంది. క్లస్టర్ మళ్లీ లేపుతుంది, మళ్లీ పడతాయి. పడ్డకొద్దీ లేపడంలో ఆలస్యం పెంచుకుంటూ పోతుంది. అవతల బస్తాలతో రైతులు నిలబడి ఉంటారు.

అప్పుడు నాకు ఫోన్ వస్తుంది. నేను అన్నిటినీ దించేసి, నా తలలో ఉన్న వరస ప్రకారం ఒక్కోదాన్నీ చేత్తో లేపుతాను. నందిపేట్‌లో మా ఆడపడుచు కూతురి పెళ్లిలో తలంబ్రాలు పోస్తుంటే నేను విస్తరాకుల గదిలో ల్యాప్‌టాప్ ముందు ఉన్నాను. మా అత్త తలుపు దగ్గర నిలబడి, "గా మిషన్లకు నువ్వు కోడలివా, నాకు కోడలివా?" అని అడిగింది. పైకి విసుక్కున్నాను గాని, లోపల నాకు గర్వంగానే ఉండేది. నేను లేకపోతే ఆర్మూర్‌లో పసుపు కదలదు అనుకోవడంలో ఒక సుఖముంది. అనుభవించాను కాబట్టి చెబుతున్నాను.

ఆ సుఖానికి అడ్డం పడింది నా కడుపులో రాళ్లు. నిజామాబాద్‌లో డాక్టరు ఆపరేషన్ చేయాలన్నాడు. సీజన్ అని ఒకసారి, సీజన్ అయిపోలేదని ఇంకోసారి వాయిదా వేశాను. ఒకరోజు ఆఫీసులో నొప్పికి బల్ల మీద ముడుచుకుపోయాను. మా యారాలు చూసి, ఏమీ అడగకుండా ఆటో పిలిచి దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు ఈసారి నాతో కాదు, తనతో మాట్లాడాడు. చీము పట్టిందంటే ప్రాణం మీదికి వస్తుందని చెప్పి తారీఖు రాసిచ్చాడు.

సరిగ్గా ఆ పొద్దున్నే సంఘంవాళ్లు కొత్త షెడ్డులో మార్కెట్ తెరుస్తున్నారు. ముందురోజు సాయంత్రం మిషన్లన్నీ ఆపి, కొత్త షెడ్డుకు చేర్చి, పొద్దున స్విచ్ వేయాలి. అన్నీ ఒకేసారి ఆగి, ఒకేసారి లేవాలి. అంటే నేను ఉండాలి. హైదరాబాద్‌లోని మా మేనేజర్ ఫోన్‌లో, "ఆపరేషన్ ఒక వారం జరుపుకుంటే కుదరదా మేడమ్?" అన్నాడు. కుదురుతుంది అని నేను నోరు తెరిచేలోగా పక్కనుంచి మా యారాలు, "కుదరదు సార్, అక్క ఆ రోజు రాదు," అంది.

ఫోన్ పెట్టేశాక మా యారాలి మీద విరుచుకుపడ్డాను. నా ఆపరేషన్, నా సర్వీసులు, నడుమ నువ్వెవరు అన్నాను. ఇంకా చాలా అన్నాను. అది అన్నీ విన్నది.

"నీకేం తెలుసు వాటి గురించి?" అన్నాను చివరికి.

"ఏం తెల్వదక్కా. గందుకే చెప్పు, రాసుకుంట," అని కుర్చీ దగ్గరికి లాక్కుంది.

అప్పటికి నేను వాడే ఉపాయం ఒకటుంది. డేటాబేస్ లేచాక ఇంతసేపు ఆగు, సెట్టింగులు లేచాక ఇంకింతసేపు ఆగు అని చేత్తో లేపేటప్పుడు ప్రతి సర్వీసు ముందూ ఒక గడువు పాటించేదాన్ని. వానాకాలంలో బాగానే పనిచేసేది. సీజన్‌లో లాట్లు కుప్పలుగా పడ్డాక డేటాబేస్ లేవడానికి ఎక్కువసేపు పట్టేది, నా గడువులు చాలేవి కావు, మళ్లీ మొదటినుంచి లేపాల్సి వచ్చేది. గడువులు పెంచుదామని నేనన్నాను.

"ఎంతసేపు ఆగాల్నో మనం లెక్కగట్టుడు ఎందుకక్కా? లేచినవా అని దాన్నే అడుగుదం," అంది.

చెప్పడానికి చిన్న మాట. చేయడానికి దానికి చాలా రోజులు పట్టింది. ఒక్కో సర్వీసు ముందూ చిన్న కాపలా డబ్బా ఒకటి పెట్టింది. దాని పని అవతలి తలుపు కొట్టడమే. జవాబు వచ్చేదాకా కొడుతుంది, వచ్చాక పక్కకు తప్పుకుంటుంది. అక్కడితో ఆగలేదు. లేవడం వేరు, పనికి సిద్ధం కావడం వేరు అని ప్రతిదానికీ రెండు ప్రశ్నలు పెట్టింది. డేటాబేస్ లేచి కళ్లు నులుముకుంటుంటే దాని దగ్గరికి ఎవరినీ పంపదు. అది సిద్ధం అన్నాకే పంపుతుంది.

నడుమ నడుమ ప్రశ్నలతో నా తల తినేది. మెసేజ్ సర్వీసు వేలం తర్వాతే ఎందుకు లేవాలి? ఎప్పుడూ అట్లాగే లేపుతాను కాబట్టి, అన్నాను. అది కోడ్ అంతా చదివి వచ్చి, మెసేజ్‌కు వేలంతో లేవడానికి పనేమీ లేదని, అది ఎప్పుడైనా లేచి తన మెసేజ్‌ల కోసం చూస్తూ కూర్చోవచ్చని చూపించింది. నేను ఇన్నాళ్లూ పూజలో పళ్లెం ఎడమ పక్కనే పెట్టాలన్నట్టు ఆ వరస పాటించాను. మొహం మాడ్చుకున్నాను గాని, దాని ఓపికకు లోపల్లోపల ముచ్చటేసింది. నాకు ఒక పని చేయడం వస్తే అది ఎందుకట్లా చేయాలో అడగను. దీనికి అడగనిదే నిద్రపట్టదు.

మార్కెట్ సెలవు రోజు పరీక్ష పెట్టాం. అన్నీ ఆపి, ఒకేసారి వదిలాం. ఏదీ పడిపోలేదు. ఏదీ లేవలేదు కూడా. డేటాబేస్ ఒక్కటే సిద్ధమని చెప్పి ఊరుకుంది. చాయ్ తాగి వచ్చినా అదే తీరు. చూస్తే లాగిన్ వచ్చి సెట్టింగుల తలుపు కొడుతోంది. సెట్టింగులేమో, అడిగేది ఎవరో లాగిన్ చెబితే గాని తలుపు తీయనని కూర్చుంది. బంతి భోజనాల దగ్గర ఇద్దరు వియ్యపురాళ్లు మీరు ముందు కూర్చోండంటే మీరు ముందు కూర్చోండని నిలబడ్డట్టుంది. వాటి వెనక మిగిలినవన్నీ ఆకలితో నిలబడ్డాయి.

నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. "నేను లేపితే ఎప్పుడన్న గిట్లయ్యిందా?" అన్నాను.

ఇంకొకరైతే వాదానికి దిగేవాళ్లు. ఇది నా వైపు చూసి, "నిజమే. అయితే నువ్వే లేపు అక్కా, నేను చూస్త," అంది.

లేపాను. అది తెర వైపు చూడలేదు, నా వేళ్ల వైపు చూసింది. సెట్టింగుల దగ్గరికి రాగానే నా చెయ్యి పట్టుకుంది.

"గిదేంది?"

"ఏది?"

"ఇప్పుడు కొట్టినవ్ గదా, గది."

చూసుకున్నాను. ఎవరడిగినా తలుపు తీసేలా సెట్టింగుల తాళం తీసి, లాగిన్‌ను లేపి, మళ్లీ తాళం వేస్తున్నాను. ఎన్నేళ్లుగానో అట్లాగే చేస్తున్నాను. వరస ఎవరికి చెప్పినా ఈ తాళం సంగతి చెప్పలేదు. దాచి కాదు, అది నేను చేస్తున్నట్టు నాకే తెలియదు. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నవ్వితే నాకు కడుపులో రాళ్లు పొడిచి, అయ్యో అంటూ నవ్వాను.

"గిది ఒక్కటి నీ చేతుల్ల ఉన్నంతకాలం నువ్వు దవాఖానకు పోలేవు," అంది కళ్లు తుడుచుకుంటూ.

ఆ ముడి విప్పిన తీరు ఇప్పటికీ తలుచుకుంటాను. నేనైతే తాళం తీసి వేసే పనిని ఒక ప్రోగ్రాంకు అప్పజెప్పి చేతులు దులుపుకునేదాన్ని. అది అట్లా చేయలేదు. లాగిన్ లేవడానికి అసలు ఏమేం కావాలి అని చూసింది. డేటాబేస్ ఎక్కడుందో తెలిస్తే చాలు. అందులో దాచేదేమీ లేదు. ఆ సంగతిని తాళం బయట పెట్టి, పాస్‌వర్డ్‌ల్లాంటి దాచాల్సినవి లోపలే ఉంచింది. లాగిన్ ఇక సెట్టింగుల కోసం ఆగాల్సిన అవసరమే లేకపోయింది. వియ్యపురాళ్లలో ఒకామె హాయిగా కూర్చుంది.

తర్వాత మా యారాలు తన పనిని తనే పాడుచేయడం మొదలుపెట్టింది. నడుస్తుండగా డేటాబేస్‌ను దించేది. మిగిలినవి పడిపోకుండా, మేము ఇప్పుడు సిద్ధంగా లేమని చెప్పి ఓపికగా నిలబడాలి. అది రాగానే పని అందుకోవాలి. మొదట కాంటా పడిపోయింది. సరిచేసి మళ్లీ దించింది. ఏది పట్టుకుంటే అది పీకేది. "కట్టిన గోడను నువ్వే గుద్దుతవేంది?" అని అరిచాను. "నేను గుద్దకుంటే కరెంటు గుద్దుతది గదక్కా," అంది.

అన్నీ వాటంతట అవే లేచిన సాయంత్రం నేను మెచ్చుకున్నాను. నోటితోనే, గట్టిగానే మెచ్చుకున్నాను. ఆటోలో ఇంటికి వస్తుంటే మాత్రం ఏదో వెలితిగా అనిపించింది. ఇక పెళ్లిలో విస్తరాకుల గదికి నన్ను ఎవరూ పిలవరు. అది కనిపెట్టిందో ఏమో, తన చెయ్యి నా చెయ్యి మీద వేసింది.

అయినా నాకు నమ్మకం చాల్లేదు. ఆపరేషన్‌కు ముందు మా ఆయన చేతికి ఫోన్ ఇవ్వమంటే ఇవ్వలేదు. ఆ పొద్దున కొత్త షెడ్డు దగ్గర నువ్వే ఉండాలె, కదలొద్దు, ఏదన్న లేవకపోతే చేత్తో లేపు, వరస గుర్తుందా అని ఫోన్‌లో యారాలితో ఒట్టు పెట్టించుకున్నంత పని చేశాను. నర్సు వచ్చి ఫోన్ లాక్కుని ఆఫ్ చేసింది.

మత్తు దిగేసరికి నోరు ఎండిపోయి ఉంది. కళ్లు తెరవగానే మొదట కనిపించింది మా యారాలు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. నొప్పి కంటే ముందు నాకు కోపం వచ్చింది.

"నువ్వు ఈడున్నవేంది? మార్కెట్ తెరిచే యాళ్ల అయితలేదా?"

"ఎప్పుడో తెరిచిన్రక్కా."

"మరి ఆడ ఎవరున్నరు?"

"మామ ఉన్నడు, మన పసుపు తీస్కపోయిండు గదా."

"మామ కాదే! మిషన్ల కాడ ఎవరున్నరు?"

"ఎవ్వల్లేరు," అంది. "స్విచ్చేసి బస్సెక్కిన."

అన్నీ లేచాయో లేదో చూడకుండానే వచ్చిందట. చూస్తూ నిలబడితే బస్సు పోతుంది, నువ్వు కళ్లు తెరిచేసరికి నేను ఇక్కడ ఉండాలనుకున్న అంది. లేచి కూర్చోబోతే కుట్లు లాగాయి. అప్పుడే కాళ్ల దగ్గర కూర్చున్న మా అత్త కొంగులో ఫోన్ మోగింది. మా మామ ఫోన్లు ఎక్కడపడితే అక్కడ పారేసుకుంటాడని, సంఘంలో మా అత్త నంబరే ఇచ్చాం.

"గీ మెసేజేందో చూడు బిడ్డా," అని యారాలికి ఇచ్చింది.

"మన లాట్ ఎక్కిందత్తా. కొనేటోళ్లు ధర పెడుతున్నరు."

మా అత్తకు అది పసుపు కబురు. నాకు ఆరు కబుర్లు. తూకం పడిందంటే కాంటా లేచింది, కాంటా లేచిందంటే డేటాబేస్ సిద్ధంగా ఉంది. ధర పెడుతున్నారంటే లాగిన్ వాళ్లను గుర్తుపట్టింది, సెట్టింగులు తలుపు తీసింది, వేలం నడుస్తోంది. ఆ సంగతి నిజామాబాద్ దాకా వచ్చిందంటే మెసేజ్ కూడా లేచింది. మిషన్ల దగ్గర ఒక్క మనిషి లేడు. నాకు ఏడుపు వచ్చింది. కుట్లు నొస్తున్నాయేమోనని మా అత్త నర్సును పిలవడానికి లేచింది.

యారాలు మాత్రం బత్తాయి పక్కన పెట్టి, నా నుదుటి మీద వెంట్రుకలు వెనక్కి దువ్వింది.

"ఇగ పండుకో అక్కా. నువ్వు లేకున్నా నడుస్తది."

ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే ఊరుకునేదాన్ని కాదు. ఆ రోజు మాత్రం ఇంకోసారి చెప్పమని అడిగాను. అది చెబుతుండగానే నిద్రపోయాను.